కారు లోపలి ప్లాస్టిక్ ట్రిమ్ (డ్యాష్‌బోర్డు, డోర్ల మీద బిగించే ప్లాస్టిక్ ముక్కలు) నున్నగా మెరవాలంటే ఎలా రుద్దాలి, ఎలా పెయింట్ వేయాలి?

ఈ పని చెడిపోతే అందరూ తిట్టేది పెయింట్‌నే. ఖరీదైన డబ్బా కొన్నా మెరుపు రాలేదంటారు. పెయింట్ ఏం చేస్తుంది పాపం, కింద ఏముంటే అదే చూపిస్తుంది. రంగు ఎంత మెరిస్తే కింది గీతలూ గుంటలూ అంత బాగా బయటపడతాయి. అందుకే మీ ఓపికలో ముప్పావు వంతు ప్రైమర్ (రంగు కింద వేసే పొర) రుద్దడానికి దాచుకోండి.

సామాను పెద్దగా ఏం లేదు. 240, 400, 600, 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్, చిన్న రబ్బరు బ్లాక్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మందంగా పడే ఫిల్లర్ ప్రైమర్, బేస్ కోట్ (అసలు రంగు), క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర), పాలిషింగ్ కాంపౌండ్, ట్రిమ్ ఊడదీసే ప్లాస్టిక్ పనిముట్లు. కారులోనే చుట్టూ టేపు అంటించి స్ప్రే కొట్టేద్దాం అనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. ప్రతి ముక్కా ఊడి బయటికి రావాల్సిందే. ఎయిర్‌బ్యాగ్ మూతల జోలికి మాత్రం అసలు పోకండి. డ్యాష్‌బోర్డు పైభాగాన్ని కూడా మెరిపించొద్దు, ఎండలో ఆ మెరుపంతా ముందు అద్దంలో పడి రోడ్డు కనిపించదు.

ఊడదీశాక సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక ఆల్కహాల్‌తో తుడవండి. ఇది రుద్దకముందే జరగాలి. డ్యాష్‌బోర్డు పాలిష్‌లలో సిలికాన్ ఉంటుంది, కడక్కుండా రుద్దితే అది గీతల్లోకి దిగుతుంది, తర్వాత పెయింట్ అక్కడక్కడా విడిపోయి గుండ్రటి గుంటలు పడతాయి. ముక్క వెనక్కి తిప్పి చూస్తే ఏబీఎస్ అనో పీపీ అనో ప్లాస్టిక్ రకం అచ్చు ఉంటుంది. పీపీ అయితే రుద్దడం అయ్యాక, ప్రైమర్‌కు ముందు అడ్హెషన్ ప్రమోటర్ (పెయింట్ పట్టుకునేలా చేసే స్ప్రే) కొట్టాలి, లేకపోతే కొన్నాళ్లకు పెయింట్ పొరలు పొరలుగా లేచిపోతుంది. ఏబీఎస్‌కు మామూలుగా అక్కర్లేదు. ఏ రకమైనా ముందు 240తో పైనున్న గరుకు డిజైన్‌ను సగం వరకు దించండి, మిగతా సగం ప్రైమర్ పూడుస్తుంది. పీపీని గట్టిగా రుద్దితే నూగు లేస్తుంది, దాన్ని పైపైనే రుద్దండి.

ఇక అందరూ పాడుచేసే దశ ఇదే. ప్రైమర్ మూడు పలుచని కోట్లు, కోటుకూ కోటుకూ మధ్య పది పదిహేను నిమిషాలు. పూర్తిగా ఆరేదాకా పేపర్ ముట్టుకోకండి. పొడి రాలాల్సింది పోయి పేపర్‌కు జిగటగా ఉండలు అంటుకుంటుంటే అది ఇంకా పచ్చిగానే ఉన్నట్టు. హెయిర్ డ్రయ్యర్ పెట్టి తొందరపెట్టొద్దు, పైపొర ఎండి లోపల తడి అలాగే ఉండిపోతుంది.

ఆరాక బూడిద రంగు ప్రైమర్ మీద నల్ల స్ప్రే దూరం నుంచి లీలగా, చుక్కలు పడేంత కొట్టండి. ఇప్పుడు బ్లాక్‌కు 400 చుట్టి పొడిగానే రుద్దండి. ఎత్తుగా ఉన్నచోట నలుపు ముందు పోతుంది, గుంటల్లో సూది మొనంత నల్లచుక్కలు మిగిలిపోతాయి. సరిగ్గా అప్పుడే వేలు పెట్టి ఆ చుక్కను గీకాలనిపిస్తుంది. గీకారా, అక్కడ వేలి వెడల్పున పల్లం పడుతుంది, అది క్లియర్ కోట్ పడ్డాక గానీ కనిపించదు. చుక్కలు మిగిలితే ఇంకో కోటు ప్రైమర్ వేసి, మళ్లీ నలుపు కొట్టి, మళ్లీ రుద్దడమే. కింది ప్లాస్టిక్ కనిపించడం మొదలైతే వెంటనే ఆగి అక్కడ ప్రైమర్ వేయండి. అంచులకు బ్లాక్ వాడొద్దు, చివర్లో 600తో చేత్తో రెండు మూడుసార్లు తేలిగ్గా తిప్పితే చాలు.

నలుపంతా పోయాక నీళ్లలో ఒక చుక్క డిష్ సబ్బు వేసి 600తో తడిగా రుద్దండి. ముక్క తడిగా ఉండగానే ట్యూబ్‌లైటు కింద వంచి చూడండి. లైటు ప్రతిబింబం ఎక్కడ వంకర తిరిగితే అక్కడ ఇంకా పని ఉన్నట్టు. నా లెక్కలో ఇది దాటని ముక్క మీద రంగు పడకూడదు.

దీనికి బదులు పుట్టీ పూసేస్తే ఒక్కరోజులో అయిపోతుందనేవాళ్లున్నారు. ట్రిమ్ బిగించేటప్పుడు వంగుతుంది, మందంగా పూసిన పుట్టీ అక్కడే బీటలిస్తుంది. వినైల్ స్టిక్కర్ సంగతి అడగొద్దు, ఎండకు అంచులు లేస్తే దాన్ని పట్టుకుని పీకడమే పిల్లల పని.

బేస్ కోట్ తేలికే. ముక్కకు ఇరవై, ఇరవై అయిదు సెంటీమీటర్ల దూరం నుంచి, స్ప్రే ముక్క బయట మొదలుపెట్టి బయటే ఆపుతూ, రెండు మూడు పలుచని కోట్లు. వాన ముసురులో వద్దు, మెరుపు పోయి పాలు పోసినట్టు తెల్లబడుతుంది.

క్లియర్ మాత్రం హార్డెనర్ కలిసే టూకే రకమే కొనండి, మామూలు దానికి ఆ గట్టిదనం రాదు. అందులో ఐసోసయనేట్లు అనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి, దుమ్ము మాస్క్ సరిపోదు. డబ్బా మీద చెప్పిన రకం మాస్క్, గ్లోవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని ఆరుబయటే కొట్టండి. డబ్బా అడుగున పిన్ నొక్కి హార్డెనర్ కలిపాక అది ఒకటి రెండు రోజుల్లో లోపలే గట్టిపడిపోతుంది, కాబట్టి ముక్కలన్నీ వరసగా పేర్చుకున్నాకే నొక్కండి.

పూర్తిగా గట్టిపడ్డాక 2000, 3000తో తడిగా రుద్ది కాంపౌండ్ పట్టించండి, అంచులు వదిలేయండి. బిగించడానికి వారం ఆగండి. క్లిప్పులు వేలి కొసలతో కాకుండా, మెత్తటి గుడ్డ వేసి అరచేత్తో నొక్కండి.