ఫ్లిప్డ్ క్లాసుకు పాఠాలు, ప్రాజెక్టులు తయారు చేయడం

ఫ్లిప్డ్ క్లాసు అంటే విద్యార్థులు పాఠాన్ని ఇంటి దగ్గరే వీడియోలో చూసి వస్తారు, క్లాసులో దాని మీద పని చేస్తారు. క్లాసులో చేయించే పని మొదట రాసుకోండి, వీడియో ఆ తర్వాతే. చాలామంది తిరగేసి చేస్తారు, అందుకే గంట లెక్చర్ అలాగే రికార్డయి కూర్చుంటుంది. ఒక్కో వీడియోలో ఒకటే అంశం, 6 నుంచి 9 నిమిషాలు. చివర 3 ప్రశ్నలు: ఒకటి గుర్తుందా అని, ఒకటి కొత్త సమస్యకు వాడగలరా అని, మూడోది "ఎక్కడ అర్థం కాలేదు?" అని. జవాబులు ముందురోజు సాయంత్రానికే అందాలి. మూడోదాన్ని బట్టే క్లాసులో మొదటి 10 నిమిషాలు నడపాలి.

వీడియో చూడనివాళ్ల కోసం పాఠం మళ్లీ చెప్పారా, వచ్చే వారం ఎవరూ చూసిరారు. వాళ్లను వెనక కూర్చుని చూడమనండి.

ప్రాజెక్టుకు జట్టులో నలుగురు చాలు. 4 వారాల పనికి 3 గడువులు: ప్రతిపాదన, ముసాయిదా, తుది నివేదిక. మార్కుల పట్టిక మొదటిరోజే ఇవ్వండి. అందులో కొంత వాటా ఒక్కొక్కరి పనికి విడిగా ఉంచకపోతే భారమంతా ఒకరిద్దరి మీదే పడుతుంది.