ట్యాప్ విరక్కుండా ఎం10 థ్రెడ్ వేయడం

ట్యాప్ అంటే బెజ్జం లోపల థ్రెడ్ (మర) కోసే పనిముట్టు. ఎం10 అంటే 10 మి.మీ. వ్యాసమున్న మెట్రిక్ థ్రెడ్. బెజ్జం వేసేముందు అందులోకి వచ్చే బోల్టు ఏ రకమో తేల్చుకోండి. నట్టులో బోల్టు రెండు మూడు చుట్లు తేలిగ్గా తిరిగి బిగుసుకుపోతే స్పానర్ వేసి లాగకండి. అది వేరే జాతి బోల్టు కావచ్చు. మూడు సూత్‌ల బోల్టు, అంటే 3/8 అంగుళం విట్‌వర్త్ (పాత బ్రిటిష్ అంగుళాల థ్రెడ్), చూపుకి ఎం10 లాగే ఉంటుంది. దాని వ్యాసం 9.5 మి.మీ., అంగుళానికి 16 థ్రెడ్లు, థ్రెడ్ పళ్ల కోణం 55 డిగ్రీలు. ఎం10కి పిచ్ (ఒక థ్రెడ్ నుంచి పక్క థ్రెడ్‌కి దూరం) 1.5 మి.మీ., కోణం 60. పిచ్ గేజ్ (థ్రెడ్ ఆకారంలో పళ్లున్న రేకు) ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి, సందు కనబడకూడదు. గేజ్ లేకపోతే స్కేలు చాలు: పది పిచ్‌ల పొడవు సరిగ్గా 15 మి.మీ. వస్తే ఎం10, దాదాపు 16 వస్తే విట్‌వర్త్.

డ్రిల్ సైజుకి వ్యాసంలోంచి పిచ్ తీసేయండి. ఎం10కి 8.5, ఎం8కి 6.8, ఎం6కి 5 మి.మీ. ‘థ్రెడ్ గట్టిగా పడుతుంద’ని 8తో బెజ్జం వేసేవాళ్లున్నారు. బలం పెద్దగా పెరగదు, ట్యాప్ మాత్రం విరుగుతుంది. 9తో వేస్తే థ్రెడ్ లోతు సగమే వస్తుంది.

బెజ్జం అంచుని కౌంటర్‌సింక్‌తో (అంచుని ఏటవాలుగా కోసే బిట్) 10 మి.మీ. కంటే కాస్త వెడల్పు చేయండి. ట్యాప్‌ల సెట్లో మొన బాగా సన్నబడి ఉన్నదే మొదటి ట్యాప్. రెండు చుట్లు తిప్పాక మూలమట్టం ఆనించి, 90 డిగ్రీల తేడాతో రెండు వైపులా నిలువు చూడండి. వంకర ఉంటే అప్పుడే సరిచేయాలి. నాలుగైదు చుట్లు దాటాక హ్యాండిల్‌ని పక్కకి నొక్కితే ట్యాప్ విరుగుతుంది.

తర్వాత సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు ‘టిక్’మని పొట్టు (కోసిన లోహపు తునకలు) తెగడం చేతికే తెలుస్తుంది. మైల్డ్ స్టీల్‌కి కటింగ్ ఆయిల్, అల్యూమినియంకి కిరోసిన్ వాడండి. కాస్ట్ ఐరన్‌కి ఏమీ అక్కర్లేదు, నూనె పోస్తే పొడి ముద్ద కడుతుంది. అడుగు మూసుకున్న బెజ్జమైతే థ్రెడ్ కావలసినదానికంటే 7, 8 మి.మీ. లోతు ఎక్కువ డ్రిల్ చేయండి. మధ్యమధ్య ట్యాప్ బయటికి తీసి పొట్టు దులపండి.

హ్యాండిల్ తిరుగుతున్నా ట్యాప్ కదలకుండా స్ప్రింగులా మెలిపడుతోందంటే, ఇంకొక్క పావు చుట్టుకి విరుగుతుంది. వెంటనే వెనక్కి తిప్పండి. విరిగాక ఆ ముక్కని మామూలు డ్రిల్‌తో తీయలేరు: ట్యాప్ కూడా డ్రిల్ అంత గట్టిదే, డ్రిల్ పక్కకి జారి బెజ్జాన్ని చెడగొడుతుంది. ఖరీదైన పార్టయితే స్పార్క్ ఎరోజన్ (విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని అరగదీయడం) చేసే వర్క్‌షాపుకి పంపండి.