పొడవాటి సంప్రదాయ విల్లును మీ చేతికి, మీ బాణాలకు సరిచేసుకోవడం ఎలా?

రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో విల్లు ఎవరికీ కొత్త వస్తువు కాదు. కొండ గ్రామాల ఆదివాసులు వెదురు బద్దనే నారిగా కట్టి వాడే విళ్ళను జయపురంలోనూ గుణుపురంలోనూ ఉండే తెలుగు కుటుంబాలవారు చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నారు. క్రీడగా విలువిద్య నేర్చుకోదలచి లాంగ్‌బో అనే పొడవాటి సంప్రదాయ విల్లు కొనుక్కున్నవారు మాత్రం, ఇది కూడా అలాంటిదే కదా అనుకుని, పెట్టెలోంచి తీసిన వెంటనే నారి ఎక్కించి బాణాలు వేయడం మొదలుపెడతారు. వారం తిరిగేసరికి ముంజేయి కమిలిపోతుంది, బాణాలు తలొక దిక్కుకూ పోతాయి, తప్పంతా విల్లు మీదికో చేతి మీదికో వెళుతుంది. నిజానికి ఈ ఇబ్బందుల్లో చాలా భాగం సర్దుబాటు చేయకపోవడం వల్ల వచ్చేవే.

సర్దుబాటుకు ఒక వరుస ఉంది. ముందు విల్లు బరువు (అంటే నారిని లాగడానికి పట్టే బలం), తర్వాత నారి ఎత్తు, ఆపైన నారి మీద బాణం కూర్చునే చోటు, చివరగా బాణం బిగువు. ఈ వరుస తప్పినా, ఒకేసారి రెండు మార్పులు చేసినా, ఏ మార్పు వల్ల ఏ ఫలితం వచ్చిందో తెలియదు.

మొదట విల్లును పరీక్షించి, తూచండి

నారి ఎక్కించక ముందు, వెలుతురులో విల్లు పొడవునా బొటనవేలితో తడిమి చూడాలి. గురి వైపు ఉండే ముఖం మీద పీచు లేచినా, కొనల్లోని గాడుల దగ్గర పగులు కనిపించినా, దాన్ని లాగకూడదు. విలుకాడి వైపు ఉండే ముఖం మీద అడ్డంగా సన్నని ముడత గీతలు ఉంటే, అక్కడ కలప నలిగిందని అర్థం. ఆ విల్లును తయారీదారుకు చూపించాల్సిందే.

లాంగ్‌బో మీద బరువును సాధారణంగా 28 అంగుళాలు లాగినప్పటి లెక్కలో రాస్తారు. మీరు అంత లాగకపోవచ్చు. రెండు చేతులూ బార్లా చాచి, ఒక చేతి మధ్యవేలి కొన నుంచి రెండో చేతి మధ్యవేలి కొన దాకా కొలిచి, దాన్ని 2.5తో భాగిస్తే మీ లాగుడు పొడవు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 65 అంగుళాలు వస్తే 26 అంగుళాలన్నమాట. ఒక్కో అంగుళానికి బరువు రెండు మూడు పౌండ్ల చొప్పున మారుతుంది కాబట్టి, 35 పౌండ్లని రాసి ఉన్న విల్లు ఆ మనిషి చేతిలో 30 పౌండ్ల దగ్గరే ఉంటుంది. సామాను తూచే కొక్కెం కాటాను నారికి తగిలించి, మీ లాగుడు పొడవు దాకా లాగి చూసి, వచ్చిన కిలోలను 2.2తో గుణిస్తే అసలు సంఖ్య తేలుతుంది.

కొత్తవారికి 25 నుంచి 35 పౌండ్ల మధ్య విల్లు చాలు. పూర్తిగా లాగి, చేయి వణకకుండా ఐదారు సెకన్లు నిలపలేకపోతే ఆ విల్లు మీకు బరువెక్కువ. అలాంటి విల్లుకు ఎన్ని సవరణలు చేసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ప్రతి బాణాన్నీ మీరు వేరువేరు పొడవుకు లాగి వదులుతూ ఉంటారు. ఇంగ్లండులో 1545లో మునిగి 1982లో బయటికి తీసిన మేరీ రోజ్ ఓడలో దొరికిన లాంగ్‌బోలు వంద పౌండ్లకు పైబడినవని లెక్కగట్టారు, నిజమే. కానీ అవి చిన్ననాటి నుంచి సాధన చేసిన సైనికుల యుద్ధ విళ్ళు. గురిపలక మీద కొట్టడానికి ఆ బరువుతో పని లేదు.

నారి ఎక్కించడం

నారికి రెండు కొనలా ఉచ్చులుంటే, పెద్దది పై కొనకు, చిన్నది కింది కొనకు వెళుతుంది. కాలు విల్లుకూ నారికీ మధ్య దూర్చి, తొడ మీద వంచి ఎక్కించే పద్ధతి వేగంగా ఉంటుంది కానీ, దానివల్ల విల్లు పక్కకు మెలితిరిగే ప్రమాదం ఉంది. రెండు కొనలకూ తొడిగి, తాడును కాలితో తొక్కిపెట్టి పిడిని పైకి ఎత్తే స్ట్రింగర్ చవకైనది, విల్లు ఆయుష్షును పెంచేది. దాన్ని విల్లుతో పాటే కొనుక్కోండి.

ఎక్కించిన వెంటనే రెండు ఉచ్చులూ గాడుల్లో సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడాలి. ఆ తర్వాత విల్లును ఒకేసారి పూర్తిగా లాగకుండా, సగం నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ పదిహేనుసార్లు లాగి, ప్రతిసారీ నారిని చేత్తో పట్టుకునే నెమ్మదిగా వెనక్కి తీసుకురావాలి. బాణం లేకుండా నారిని వదిలితే బాణానికి పోవలసిన శక్తంతా విల్లులోకే తిరగబడి, ఒక్క దెబ్బకే విరిగిపోవచ్చు. సరదాగా లాగి చూస్తామనే బంధువులకు ఈ ఒక్క మాట ముందే చెప్పాలి.

నారి దారం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. పాత విల్లుకైనా, కొనలకు బలపు పొర అతికించని విల్లుకైనా కొంచెం సాగే డాక్రాన్ నారే క్షేమం. సాగని ఆధునిక దారాలు బాణాన్ని వేగంగా పంపుతాయి గానీ, బలం లేని కొనలను చీల్చేస్తాయి.

నారి ఎత్తు

సుఖంగా వేయడానికి అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చే సవరణ ఇదే. నారి ఎక్కి ఉన్నప్పుడు, పిడిలో చేయి ఆనే లోతైన చోటు నుంచి నారి దాకా ఉండే దూరాన్ని బ్రేస్ హైట్ అంటారు. పిడి మీద పిడికిలి ఆనించి బొటనవేలు నిలబెడితే నారిని తాకేంత ఎత్తు ఉండాలన్నది పాత కొలత. అంగుళాల్లో అది సుమారు ఆరు. లాంగ్‌బోలు సాధారణంగా ఆరు, ఏడు అంగుళాల మధ్య బాగా పనిచేస్తాయి. తయారీదారు చెప్పిన అంకె ఉంటే దాని దగ్గర మొదలుపెట్టండి.

ఎత్తు తక్కువైతే బాణం నారి మీద ఎక్కువసేపు ఉండి కొంత వేగం పుంజుకుంటుంది గానీ, నారి మణికట్టును కొడుతుంది, వదలడంలోని ప్రతి లోపమూ బాణానికి అంటుతుంది. ఎక్కువైతే విల్లు ఎప్పుడూ అనవసరంగా ఒత్తిడిలో ఉంటుంది, బాణం నెమ్మదిస్తుంది. ఈ రెంటి మధ్యా ప్రతి విల్లుకూ తనదైన ఒక చోటు ఉంటుంది, దాన్ని చెవితో, అరచేతితో పట్టుకోవాలి. తక్కువ ఎత్తులో మొదలుపెట్టి నాలుగు బాణాలు వేయండి. విల్లు ఎంత మోగిందో, పిడి ఎంత అదిరిందో గమనించండి. నారి దించి, ఒక ఉచ్చును ఊడదీసి, నారి ఇప్పటికే ఏ వైపుకు పేని ఉందో ఆ వైపుకే మూడు నాలుగు మెలికలు వేసి, మళ్ళీ ఎక్కించి, కొలిచి, మరో నాలుగు బాణాలు వేయండి. మెలికలు పెరిగితే నారి పొట్టిదై ఎత్తు పెరుగుతుంది, తగ్గితే దానికి వ్యతిరేకం. మోత ఒక్కసారిగా తగ్గి, ఇంకొంచెం పెంచితే మళ్ళీ మొదలయ్యే చోటు తగులుతుంది. ఆ కొలతను పుస్తకంలో రాసుకోండి.

కొత్త నారి సాగుతుంది. రెండు డజన్ల బాణాలు వేశాక ఎత్తు పడిపోయి ఉంటే ఆశ్చర్యపోకుండా మళ్ళీ సరిచేయాలి. సంతలో దొరికే మంచి తేనెమైనాన్ని నారికి రుద్ది, వేళ్ళ మధ్య వేడెక్కేలా నులిమితే పోగులు విడిపోకుండా ఉంటాయి. వెదురు బద్ద నారికి ఈ మెలికల పద్ధతి వర్తించదు, దానికి ముడి దగ్గరే పొడవు సరిచూసుకోవాలి.

బాణం కూర్చునే చోటు

బాణం ప్రతిసారీ నారి మీద ఒకే చోట కూర్చోవాలి. వడ్రంగి మూలమట్టాన్ని నారికి ఆనించి, బాణం ఆనే అంచుకు (చేతి మీద నుంచి వేసేవారికి పిడికిలి పై భాగానికి) సమానంగా నారి మీద ఒక గీత గీయండి. ఆ గీతకు అర అంగుళం పైన, సన్నని దారంతో పది పన్నెండు చుట్లు చుట్టి ముడి వేయండి. బాణం గాడి ఆ ముడి అడుగున కూర్చుంటుంది. మూడు వేళ్ళూ బాణం కిందే పెట్టి లాగేవారికి ఈ ముడి ఇంకాస్త పైన ఉండాలి.

ముడి కిందికి ఉండడం కన్నా పైకి ఉండడమే మొదట్లో మేలు. కిందికి ఉంటే బాణం తోక ఆనుడు అంచును కొట్టుకుని పైకి ఎగిరి, లోపం అసలెక్కడుందో తెలియకుండా చేస్తుంది. గాడి బిగువు కూడా చూడాలి: నారిని నేల వైపు తిప్పి బాణం తగిలిస్తే అది వేలాడాలి, నారిని వేలితో తడితే ఊడిపడాలి.

బాణం బిగువు

సగటు లాంగ్‌బోలో బాణం విల్లు మధ్య నుంచి పోదు, పక్క నుంచి పోతుంది. కుడిచేతివాటం మనిషి ఎక్కుపెట్టినప్పుడు బాణం గురికి కొంచెం ఎడమగా చూస్తూ ఉంటుంది. నారి వదిలిన క్షణంలో కాడ వంగి, పిడిని చుట్టుకుంటూ జారి, మళ్ళీ తిన్నగా అయి గురి వైపు పోతుంది. అది వంగవలసినంతే వంగాలి. కాడకుండే ఈ బిగువునే స్పైన్ అంటారు. విల్లు ఎంత మంచిదైనా, ఈ లెక్క కుదరని బాణంతో గురి కుదరదు. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే విల్లు మీద కన్నా ఒకే బిగువు, ఒకే బరువు ఉన్న అరడజను బాణాల మీద పెట్టమనే నేను చెబుతాను.

దీన్ని ఇంట్లోనే కొలవచ్చు. 26 అంగుళాల ఎడంలో రెండు మేకుల మీద కాడను అడ్డంగా పెట్టి, నడిమధ్యన రెండు పౌండ్ల బరువు వేలాడదీయాలి. కిరాణా దుకాణంలో తూచి, 907 గ్రాములు వచ్చేలా నీళ్ళు నింపిన సీసా అందుకు సరిపోతుంది. కాడ మధ్యభాగం ఎన్ని అంగుళాలు కిందికి వంగిందో కొలిచి, 26ను ఆ సంఖ్యతో భాగిస్తే స్పైన్ పౌండ్లలో వస్తుంది. 16.5 మిల్లీమీటర్లు వంగితే 40 పౌండ్లు, 22 వంగితే 30 పౌండ్లు. బాణం పక్క నుంచి పోయే విల్లుకు, మీ చేతిలోని అసలు బరువు కన్నా ఐదు నుంచి పది పౌండ్లు తక్కువ స్పైన్ ఉన్న కాడతో మొదలుపెట్టడం మంచిది. కాడ పొడవు పెరిగినా, ములికి బరువు పెరిగినా బాణం మెత్తబడినట్టు ప్రవర్తిస్తుంది. పొడవు తగ్గినా, ములికి తేలికైనా బిగుసుకుంటుంది.

బరువు సంగతి కూడా మరువకూడదు. కలప విల్లుకు పౌండుకు పది గ్రెయిన్ల బాణం క్షేమం. అంటే 30 పౌండ్ల విల్లుకు బాణం మొత్తం 19, 20 గ్రాములైనా ఉండాలి. ఊళ్ళో కంసాలి త్రాసు దీనికి బాగా పనికొస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. ఈకలున్న మూడు బాణాలతో పాటు, అదే కాడకు ఈకలు కట్టని బోడి బాణాన్ని ఒకటి సిద్ధం చేసుకోండి. కర్ర కాడ అడ్డంగా తగిలితే విరుగుతుంది కాబట్టి ఎనిమిది పది మీటర్ల నుంచే మొదలుపెట్టండి. ముందు ఎత్తుపల్లాలు చూడాలి. బోడి బాణం మిగిలినవాటి కన్నా కింద తగిలితే నారి మీది ముడిని కొంచెం దించాలి, పైన తగిలితే ఎత్తాలి. అది కుదిరాకే కుడి ఎడమలు చూడాలి. కుడిచేతివాటం వారికి బోడి బాణం ఎడమకు పోతే కాడ బిగువెక్కువ, కుడికి పోతే మెత్తన. మొదటిదానికి కొంచెం బరువైన ములికి, రెండోదానికి తేలికైన ములికి లేదా అర అంగుళం తక్కువ పొడవు మందు. పొడవు తగ్గించేటప్పుడు, పూర్తిగా లాగినా ములికి పిడికి ముందే నిలిచేలా చూసుకోండి. ఒక్క బాణాన్ని చూసి తీర్పు చెప్పకండి. వదలడంలో చేయి కదిలినా అదే ఫలితం వస్తుంది. పదేపదే ఒకే వైపుకు పోతేనే అది బాణం లోపం.

ఈకలను ఒకే వైపు రెక్క నుంచి తీసినవే కట్టాలి, నారి గాడికి అడ్డంగా ఉండే ఈక విల్లుకు బయటి వైపు ఉండాలి. చేతి మీద నుంచి వేసేవారు ఈకల ముందు కొనలను దారంతో గట్టిగా చుట్టి నున్నగా చేయకపోతే వేలి కణుపు కోసుకుపోతుంది. వేసే ముందు ప్రతిసారీ కర్ర కాడను చెవి దగ్గర కొంచెం వంచి, తిప్పుతూ పగులు చప్పుడు వినాలి. పగిలిన కాడ నారి తోసినప్పుడు చేతిలోకే దిగుతుంది.

పిడి, చోటు, భద్రత

పిడి సన్నగా ఉండి చేతిలో తిరుగుతుంటే పలుచని తోలుపట్టీ చుట్టండి. ముంజేతికి తోలు కవచం, వేళ్ళకు తోలు ముక్క తప్పనిసరి. వరి కోతలయ్యాక ఖాళీ మడిలో, ఎత్తైన మట్టిగట్టు ముందు గడ్డిమోపు పెట్టుకుంటే మంచి సాధన స్థలం అవుతుంది, కానీ గట్టు అవతల కాలిబాట గానీ, పశువులు మేసే చోటు గానీ లేదని నడిచి చూసుకోవాలి. ఈ విల్లుతో అడవిలోకి వెళ్ళే ఆలోచన వద్దు: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం.

సాధన అయ్యాక నారి దించి, రెండు మేకుల మీద అడ్డంగా ఉంచండి. పొయ్యి పైనున్న అటక మీద పెడితే వేడికి కలప ఎండి పెళుసవుతుంది, ఎండలో నిలిపిన కారులో వదిలితే అతుకులు ఊడతాయి. వానాకాలంలో కలప తేమ పీల్చి మెత్తబడి విల్లు బరువు కొన్ని పౌండ్లు తగ్గుతుంది, చలికాలపు పొడిగాలికి మళ్ళీ పెరుగుతుంది. ఫైబర్‌గ్లాస్ పొరలున్న విళ్ళలో ఈ తేడా తక్కువ. కేవలం కలపతో చేసిన విల్లయితే దసరా వెళ్ళాక ఒకసారి కాటాకు తగిలించి తూచి, నారి ఎత్తు కొలిచి, పుస్తకంలోని పాత అంకెలతో పోల్చి, తేడా ఉంటే బోడి బాణం పరీక్షను మళ్ళీ చేయాలి.