ఆన్‌లైన్ అభిమానుల బృందంలో విసుగు కాకుండా ఉత్సాహం పంచడం ఎలా?

నాకిష్టమైన గాయని ఆల్బమ్ ఒకటి అర్ధరాత్రి పన్నెండింటికి విడుదలైంది. నిడివి 46 నిమిషాలు. అభిమానుల బృందంలో దాని మీద నేను తీర్పు రాసింది 12:20కి. "ఈసారి పూర్తిగా నిరాశపరిచింది" అన్నాను. అప్పటికి సగం పాటలు కూడా వినలేదు. తెల్లవారేసరికి వందకు పైగా లైకులు వచ్చాయి, కింద చాలామంది వంత పాడారు. వాళ్లలో మొత్తం విన్నవాళ్లు ఎందరో దేవుడికే తెలియాలి. వారం తిరిగేసరికి అందులోని ఏడో పాటను నేనే కూనిరాగం తీస్తున్నాను.

విసుగు ఎందుకంత తేలిగ్గా అంటుకుంటుందో అప్పుడు అర్థమైంది. నచ్చలేదని చెప్పడానికి పాట సరిగా వినాల్సిన పని లేదు. నచ్చిందని, ఎందుకు నచ్చిందో కూడా చెప్పాలంటే వినక తప్పదు. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క తేడాలోంచి వచ్చినవే.

1. మొత్తం విని, ఒక రాత్రి ఆగండి

విడుదలైన గంటలోపు అభిప్రాయం చెప్పకపోతే వెనకబడిపోతామన్న కంగారు ఈ బృందాల్లో ఎక్కువ. నిజానికి వెనకబడేదేమీ లేదు. 1968లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అర్థం లేని పదాలను, తెలియని ముఖాల ఫొటోలను కొందరికి పదేపదే చూపించి ఒక సంగతి గమనించాడు. ఎక్కువసార్లు ఎదురైన వాటినే జనం ఎక్కువగా ఇష్టపడ్డారు. పాటల విషయంలో ఇది మనందరికీ అనుభవమే. మొదట వింతగా తోచిన బాణీ నాలుగోసారికి నోట్లో ఆడుతుంది. ఒళ్లు మండేంతగా నచ్చని పాటను వందసార్లు విన్నా ప్రేమ పుట్టదనుకోండి, అది వేరే సంగతి. "ఇదేదో తేడాగా ఉందే" అనిపించిన పాటకు మాత్రం మూడుసార్లు వినే అవకాశం ఇవ్వండి. రాసి తీరాలనిపిస్తే ఫోనులో నోట్సులో రాసి పెట్టుకోండి. మర్నాడు చదివినా అదే మాట అనాలనిపిస్తే అప్పుడు చూసుకోవచ్చు.

2. పాటలో ఒక చోటు పట్టుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

"అదిరింది", "అద్భుతం", వరసగా ఐదు నిప్పు బొమ్మలు. ఇది ఉత్సాహంలా కనిపిస్తుంది కానీ "చెత్తగా ఉంది" అన్న మాటకు తోడబుట్టినదే. రెండింటికీ పాట వినక్కరలేదు. ఎవరూ వాటికి జవాబివ్వలేరు, ఇచ్చినా అక్కడితో ఆగిపోతుంది. పాటలో ఫలానా చోట ఇది జరిగింది అని చెబితే మాత్రం చదివినవాడు వెంటనే వెళ్లి అక్కడ విని వస్తాడు.

చోటు దొరకాలంటే కాస్త శ్రమ పడాలి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గాయకుడి గొంతును వదిలేసి అడుగున మంద్రంగా మోగే బేస్ గిటారు ఒక్కదాన్నే మొదటినుంచి చివరిదాకా వెంబడించండి. తేలికేమీ కాదు, రెండో చరణం దగ్గరకు వచ్చేసరికి చెవి మళ్లీ గొంతు వెంట పరుగెడుతుంది. తర్వాతి విడత డ్రమ్స్ పట్టుకోండి. ఆ తర్వాత పల్లవి మొదటిసారి వచ్చినప్పటికీ చివరిసారి వచ్చినప్పటికీ ఏం మారిందో చూడండి. చాలా పాటల్లో చివరి పల్లవికి వెనక ఇంకో రెండు గొంతులు చేరతాయి, కొన్నిటిలో శ్రుతే ఒక మెట్టు పైకి జరుగుతుంది. ఏ వాద్యం ఎడమ చెవిలో మోగుతోంది, ఏది కుడి చెవిలో మోగుతోంది అన్నది కూడా వినదగ్గదే.

నా ఏడో పాట సంగతి చెబుతాను. 2:14 దగ్గర వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ ఖాళీలో గాయని ఊపిరి పీల్చుకోవడం స్పష్టంగా వినిపిస్తుంది. వెంటనే పల్లవి. రికార్డింగులో ఊపిరి చప్పుళ్లను తరచూ తగ్గించేస్తారు, ఇక్కడ కావాలనే ఉంచినట్టున్నారు. బృందంలో ఆ మాటే రాశాను: "2:14 దగ్గర ఆమె ఊపిరి విన్నారా? దాన్ని తీసేస్తే పల్లవికి ఇంత బలం ఉండేదంటారా?" లైకులు పదో పన్నెండో వచ్చాయి. కానీ డ్రమ్స్ వాయించే ఒకాయన వచ్చి, డ్రమ్స్ తిరిగి మొదటి దెబ్బ మీద కాకుండా రెండో దెబ్బ మీద అందుకుంటాయని, అందుకే ఆ ఖాళీ ఉన్నదానికన్నా పొడవుగా తోస్తుందని వివరించాడు. అప్పటిదాకా నేను నలభైసార్లు విని ఉంటాను, అది గమనించలేదు. ఆ పోస్టు కింద రెండు రోజుల పాటు మాటలు నడిచాయి. ఒక్క తగాదా లేదు.

కాబట్టి మీ పోస్టులో నిమిషం, సెకను ఉండేలా చూసుకోండి. చివర్లో ఒక ప్రశ్న ఉంటే ఇంకా మంచిది.

3. మీకు నచ్చనిది పాటేనా?

ఫిర్యాదు రాసే ముందు అది దేని మీదో తేల్చుకోండి. పాట మీదా, కళాకారుడు మారిపోయినందుకా, పక్క బృందం అభిమానుల మీద కోపమా? మూడింటినీ కలిపేసి పాట నెత్తిన రుద్దడం మనకు అలవాటు.

కళాకారుడు మారినందుకు అలగడం ఇంటర్నెట్‌తో పుట్టిన జబ్బు కాదు. 1965 జులై 25న అమెరికాలోని న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో, మామూలు గిటారుతో జానపద గీతాలు పాడి పేరు తెచ్చుకున్న గాయకుడు బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని వాద్యబృందంతో వేదికెక్కితే జనంలో కొందరు గేలి చేశారు. మరుసటి ఏడాది మే 17న మాంచెస్టర్ కచేరీలో ఒక ప్రేక్షకుడు "జూడాస్" అని అరిచాడు. నమ్మకద్రోహి అని తిట్టడమన్నమాట. ఆ కచేరీ రికార్డింగు ఏళ్ల తరబడి దొంగ కాపీలుగా చేతులు మారింది, 1998లో అధికారికంగా విడుదలైంది. ఆనాటి తిట్టు కూడా అందులో భద్రంగా ఉంది. అభిమానులు ఇప్పుడు దాన్ని ఏరికోరి వింటారు.

మీ బాధ ఈ రకమైనదే అయితే "పాత ఆల్బమ్‌లోని ఫలానా తీరు నాకు ఇంకా ఇష్టం, ఇందులో అది దొరకలేదు" అని రాయండి. నిజమూ చెప్పినట్టవుతుంది, కొత్తది నచ్చినవాళ్ల పుండు మీద కారమూ చల్లినట్టవదు.

4. కోపానికి మేత వేయకండి

వెటకారపు పోస్టుకు దీటైన జవాబిస్తే దాని నోరు మూతపడుతుందనుకుంటాం. జరిగేది తిరగబడి ఉంటుంది. ఏ పోస్టును పైకి తేవాలో నిర్ణయించే వ్యవస్థల్లో చాలా వాటికి మెచ్చుకోలు కామెంటు, తిట్ల కామెంటు రెండూ లెక్కే. న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ట్విటర్ పోస్టులను పరిశీలించి, నైతిక ఆవేశం నిండిన పదం ఒక్కొక్కటి చేరినకొద్దీ ఆ పోస్టు వ్యాప్తి సుమారు 20 శాతం పెరిగిందని తేల్చారు. అవి రాజకీయ అంశాల పోస్టులే అయినా, రెండు అభిమాన బృందాలు చార్టుల్లో స్థానాల కోసం కొట్టుకోవడం చూసినవారికి పెద్ద తేడా కనిపించదు.

చేయాల్సింది చిన్న పని. మ్యూట్ చేయండి. "చూడండి ఏం రాశాడో" అంటూ స్క్రీన్‌షాట్ తీసి మీ బృందంలో పెట్టకండి, ఎక్కడో ముగ్గురు చదివి వదిలేయాల్సిన మాటను ఊరంతా మోసుకెళ్లేది ఆ స్క్రీన్‌షాటే. బూతులు, బెదిరింపులు, ఎవరి వ్యక్తిగత వివరాలనైనా బయటపెట్టడం వేరు. వాటిని అడ్మిన్లకు వెంటనే ఫిర్యాదు చేయాలి.

5. కొత్తవారికి పరీక్ష పెట్టకండి

"నిన్ననే మొదటిసారి విన్నాను, తర్వాత ఏం వినమంటారు?" అని ఎవరైనా అడిగితే రెండే పాటలు చెప్పండి. ముప్పై పాటల జాబితా ఇవ్వడం మన పాండిత్య ప్రదర్శన తప్ప సాయం కాదు. "ఇన్నాళ్లూ ఎక్కడున్నావు?" అనే దెప్పిపొడుపు అసలే వద్దు. అందరం ఒకరోజు మొదటిసారి విన్నవాళ్లమే.

6. విమర్శకు తలుపులు మూయకండి

ఉత్సాహం పేరుతో కొన్ని బృందాలు చేసే దౌర్జన్యం నాకు విసుగు కన్నా ఎక్కువ భయం కలిగిస్తుంది. ఎవరో ఒక సమీక్షకుడు తక్కువ మార్కులు వేస్తే వందలమంది వెళ్లి మీద పడతారు. దాన్ని అభిమానం అనలేం, అది మందబలం. పాట బాగాలేదని చెప్పే హక్కు అందరికీ ఉంది, మీకూ ఉంది. "రెండో చరణంలో గొంతు వాద్యాల కింద అణిగిపోయింది" అన్నది పనికొచ్చే విమర్శ, విన్నవాళ్లు ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. కళాకారుడు ఎవరికైనా నిజంగా హాని చేశాడన్న ఆరోపణ వస్తే "ఇక్కడ మంచి మాటలే మాట్లాడుకుందాం" అని నోరు నొక్కడం ఇంకా తప్పు.

మెచ్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త. "మా గాయని ముందు ఆమె ఎంత?" అన్న వాక్యంలో పొగడ్త సగమే, మిగతా సగం జగడానికి పిలుపు. రెండో పేరు తీసేసి చదివి చూడండి. ఏమీ మిగలకపోతే ఆ పోస్టు పాట గురించి కాదు.

7. మధ్యమధ్యలో బయటికి వెళ్లండి

బృందం తెరవగానే పాట కన్నా తగాదాలే ముందు గుర్తొస్తున్నాయంటే నోటిఫికేషన్లు ఆపేసి ఒక నెల దూరంగా ఉండండి. వెళ్తున్నానని ప్రకటన అవసరం లేదు. ఆ నెలలో పాటలు మాత్రం వినండి.

తిరిగి వచ్చాక ఎక్కువ కామెంట్లున్న పోస్టు జోలికి పోకండి. కిందికి జరుపుకుంటూ వెళితే ఎవరో మూడు రోజుల క్రితం "ఈ పాట లైవ్‌లో పాడినప్పుడు చివర ఆలాపన మార్చారు, ఎవరైనా విన్నారా?" అని అడిగి ఉంటారు. జవాబులు సున్నా. ఆ రికార్డింగు విని, అక్కడ రాయండి.