క్రూయిజ్‌లో మంచి బాల్కనీ గది ఎలా ఎంచుకోవాలి?

క్రూయిజ్ అన్నది మన తిరుపతి, చిత్తూరు వైపు ఇప్పుడు కొత్త మాటేం కాదు. నాన్న షష్టిపూర్తికని చెన్నైలో ఓడెక్కి శ్రీలంక వెళ్లొచ్చేవాళ్లున్నారు. సింగపూర్ ప్యాకేజీలో మూడు రాత్రుల ఓడ ప్రయాణం కలుపుకునేవాళ్లున్నారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు అలాస్కా చూసొచ్చే అమ్మానాన్నలూ ఉన్నారు. వీళ్లందరికీ ఏజెంటు చెప్పే మాట ఒకటే: "బాల్కనీ రూమ్ తీసుకోండి సార్, వ్యూ అదిరిపోద్ది."

నిజంగానే అదిరిపోతుంది, గది సరైనదైతే. ఒకే ఓడలో, బాల్కనీ అనే పేరుతోనే అమ్మే రెండు గదుల్లో ఒకదాని ముందు సముద్రం ఉంటే ఇంకోదాని ముందు లైఫ్‌బోటు (ప్రమాదంలో తప్పించుకునే పడవ) వీపు ఉండొచ్చు. తేడా అంతా గది నంబర్‌లో ఉంటుంది. ఆ నంబర్ ఎంచుకునే పద్ధతి తెలిస్తే, పెట్టిన డబ్బుకు తగిన సుఖం దక్కుతుంది.

ముందు, అక్కడ కూర్చునేది ఎవరో తేల్చుకోండి

ధరలు చూడకముందే ఇంట్లో అడగాల్సిన ప్రశ్న ఇది. బాల్కనీలో ఎవరు కూర్చుంటారు, ఏ వేళప్పుడు కూర్చుంటారు?

మోకాళ్ల నొప్పులతో పై డెక్‌కి, అంటే ఓడ పై అంతస్తుకి, పదేపదే ఎక్కలేని అమ్మ ఉంటే, బాల్కనీ ఆవిడకు వరం. పొద్దున్నే కాఫీ తాగుతూ, నైటీ మీదే, ఎవరి కంటా పడకుండా సముద్రం చూడొచ్చు. ఇలాంటివాళ్ల కోసమైతే నేను ఇంకో ఆలోచన లేకుండా బాల్కనీ తీసుకోమంటాను. అదే పిల్లలతో వెళ్లి రోజంతా స్విమ్మింగ్ పూల్ దగ్గరా, బఫే దగ్గరా గడిపే కుటుంబమైతే, గదికి వచ్చేది నిద్రకే. అప్పుడు ఆ డబ్బుతో ఇంకో రాత్రి ఎక్కువున్న ప్రయాణం తీసుకోవడం మేలు.

ప్రయాణం ఎలాంటిదో కూడా చూడండి. రెండు మూడు రాత్రుల ట్రిప్పులో రోజూ ఒక ఊళ్లో ఆపితే, పగలంతా మీరు ఒడ్డునే ఉంటారు, ఓడ నడిచేదేమో రాత్రి చీకట్లో. బాల్కనీ పనికొచ్చేది ఓడ రేవు వదిలేటప్పుడు, రేవు చేరేటప్పుడే. పగలంతా సముద్రం మీదే గడిచే రోజు కనీసం ఒకటైనా ఉన్న ప్రయాణానికే బాల్కనీ మీద ఎక్కువ ఖర్చు పెట్టండి.

పేరు చూసి మోసపోకండి

బాల్కనీ అని వినిపించేవన్నీ ఒకటి కావు. ‘ఓషన్ వ్యూ’ అంటే కిటికీ మాత్రమే, అదీ తెరుచుకోదు. రాయల్ కరీబియన్ ఓడల్లో కొన్ని లోపలి గదుల్లో ‘వర్చువల్ బాల్కనీ’ ఉంటుంది. అది గోడకి పెట్టిన పెద్ద తెర, బయట కెమెరాలో కనిపించే సముద్రాన్ని అందులో చూపిస్తారు. ఆ కంపెనీవే ఒయాసిస్ తరగతి పెద్ద ఓడల్లో ‘సెంట్రల్ పార్క్ బాల్కనీ’ అని ఉంటుంది. బాల్కనీ నిజమైనదే, కానీ అది చూసేది ఓడ మధ్యలో పెంచిన తోటని. సెలబ్రిటీ అనే కంపెనీ ఎడ్జ్ తరగతి ఓడల్లో ‘ఇన్ఫినిట్ వెరాండా’ అంటే, బటన్ నొక్కితే పై సగం అద్దం కిందికి దిగే గది. గది విశాలంగా ఉంటుంది, తలుపు తీసుకుని బయటికి వెళ్లే సంబరం మాత్రం ఉండదు. కార్నివాల్ వాళ్ల ‘కోవ్ బాల్కనీ’ నీటికి దగ్గరగా కింది డెక్‌లో ఉంటుంది. అలల చప్పుడు ఇష్టపడేవాళ్లకు నేను మొదట చెప్పేది అదే.

చెన్నై నుంచి వెళ్లేవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి. కార్డీలియా అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ల ‘ఎంప్రెస్’ 1990 నుంచి తిరుగుతున్న ఓడ. ఆ కాలంలో కట్టిన ఓడల్లో బాల్కనీ గదులు తక్కువ. అందులో బాల్కనీ కావాలంటే మినీ సూట్, సూట్ లాంటి పై తరగతులకే పోవాలి. అవి కొన్నే కాబట్టి సెలవులకి వెళ్లాలనుకుంటే చాలా ముందే బుక్ చేసుకోవాలి. నైరుతి రుతుపవనాలప్పుడు అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, అందుకే ఈ ఓడ ఆ నెలల్లో ముంబై వదిలి మన చెన్నై వైపు వస్తుంటుంది. తేదీలు ఏటా మారతాయి, ఆ ఏడాది షెడ్యూల్ చూసుకునే సెలవు పెట్టండి.

డెక్ ప్లాన్ తెరిచి, మూడు అంతస్తులు చూడండి

ఇక్కడే అసలు పని. ప్రతి కంపెనీ తన వెబ్‌సైట్‌లో ఓడ డెక్ ప్లాన్, అంటే ఏ అంతస్తులో ఏముందో చూపే పటం, పెడుతుంది. అందులో మీ గది ఉన్న డెక్ ఒక్కటే చూసి ఊరుకోకండి. దాని పైన ఏముంది, కింద ఏముంది అనేది కూడా చూడాలి. ఫోన్‌లో కష్టం, ల్యాప్‌టాప్‌లో అయితే మూడింటినీ పక్కపక్కన పెట్టుకోవచ్చు.

గదికి సరిగ్గా పైన స్విమ్మింగ్ పూల్ డెక్ ఉంటే తెల్లవారుజామునే కుర్చీలు ఈడ్చే చప్పుడు మొదలవుతుంది. పైన బఫే ఉంటే ట్రాలీలు దొర్లుతుంటాయి. కింద థియేటరో, డాన్స్ ఫ్లోరో ఉంటే అర్ధరాత్రి దాకా దరువు వినిపిస్తుంది. ప్లాన్‌లో ఏ పేరూ లేకుండా తెల్లగా వదిలేసిన చోట్లు కనిపిస్తాయి. అవి సిబ్బంది తిరిగే దారులో, వంటశాలలో, సామాన్ల గదులో అయి ఉంటాయి. వాటి పక్కన గది వద్దు. పైనా కిందా కూడా గదులే ఉన్న డెక్ దొరికితే అదే ప్రశాంతమైన చోటు.

తర్వాత లైఫ్‌బోట్లు ఎక్కడ వేలాడుతున్నాయో వెతకండి. చాలా ఓడల్లో అవి పక్కల వెంట ఒకే వరసలో కనిపిస్తాయి. ఆ వరసకి ఎదురుగా ఉన్న గదులకి ‘అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ’ అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ధర కొంత తగ్గుతుంది. దానికి ఒక డెక్ పైన ఉన్నవాళ్లకు దూరాన సముద్రం కనిపిస్తుంది కానీ కిందికి చూస్తే బోట్ల టాప్ అడ్డొస్తుంది. రెండు డెక్‌లు పైకి వెళ్తే చాలావరకు ఆ బాధ ఉండదు.

ఓడలో ముందా, మధ్యా, వెనకా అన్నది ఇంకో లెక్క. మధ్యలో, కాస్త కింది డెక్‌లో ఊగిసలాట తక్కువ. కారు ఘాట్ రోడ్డెక్కితేనే కడుపులో తిప్పేవాళ్లు వేరే ఆలోచన పెట్టుకోవద్దు, అక్కడే తీసుకోండి. ముందు వైపు గదులకి గాలి విపరీతం, ఓడ నడుస్తుంటే అక్కడ బాల్కనీలో నిలబడటమే కష్టం. పూర్తిగా ముక్కు వైపు చూసే గదులైతే, కెప్టెన్ ఉండే బ్రిడ్జికి వెలుతురు అడ్డు రాకుండా రాత్రిపూట కర్టెన్లు మూసుకోమంటారు. వెనక వైపు బాల్కనీలు నాకు చాలా ఇష్టం. ఓడ వదిలి వెళ్లే తెల్లటి నురుగు దారి కనుచూపు మేర కనిపిస్తుంది, చాలా ఓడల్లో ఆ బాల్కనీలు పెద్దవిగా కూడా ఉంటాయి. అయితే అక్కడ అదురు తెలుస్తుంది, లిఫ్టు నుంచి నడక ఎక్కువ, పై అంతస్తుల వాళ్లకి మీ బాల్కనీ కనిపించే అవకాశమూ ఉంది. పెద్దవాళ్లతో వెళ్తే వెనక గది వద్దు. లిఫ్టుకి నాలుగైదు గదుల దూరంలో తీసుకోండి, మరీ ఆనుకుని అయితే వచ్చీపోయే వాళ్ల మాటలు వినిపిస్తాయి.

కుడా, ఎడమా?

తిరుపతి నుంచి పొద్దున బస్సులో చెన్నై వెళ్లేవాళ్లు ఎండ పడని కిటికీ కోసం కుడివైపు సీటు చూసుకుంటారు కదా, ఓడలోనూ అదే లెక్క. చెన్నై నుంచి శ్రీలంకకి ఓడ దక్షిణంగా పోతుంది. ఓడ ముక్కు వైపు తిరిగి నిలబడితే ఎడమ చేయి తూర్పు. సూర్యోదయం అటు, సూర్యాస్తమయం కుడివైపు. తిరుగు ప్రయాణంలో ఇది తారుమారవుతుంది. కాబట్టి వెళ్లి అదే రేవుకి తిరిగొచ్చే ట్రిప్పుల్లో ఏ వైపు తీసుకున్నా పెద్ద నష్టం లేదు.

సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ వెళ్లే ఓడలు మలక్కా జలసంధిలో వాయవ్యంగా పోతాయి. వెళ్లేటప్పుడు సాయంత్రపు ఎండ ఎడమవైపు, మలేసియా తీరం కుడివైపు. భూమధ్యరేఖకి అంత దగ్గర కాబట్టి సింగపూర్‌లో ఏడాది పొడవునా ఇంచుమించు 7 గంటలకి పొద్దు పొడిచి, రాత్రి 7కి వాలుతుంది. మధ్యాహ్నం బాల్కనీలో కూర్చోలేరు, ఉక్కపోత. పొద్దునా సాయంత్రమే లెక్కలోకి తీసుకోండి.

వైపు నిజంగా ముఖ్యమయ్యేది ఒక రేవులో ఎక్కి ఇంకో రేవులో దిగే ప్రయాణాల్లో. వాంకూవర్ నుంచి ఉత్తరంగా అలాస్కాకి ఒకవైపే వెళ్తుంటే కుడివైపు తీసుకోవడం మంచిది, ప్రధాన భూభాగం అటే ఉంటుంది. అలాస్కాలోని గ్లేసియర్ బేలో మాత్రం భయం అక్కర్లేదు. మంచు కొండల ముందు ఓడని నెమ్మదిగా చుట్టూ తిప్పుతారు, రెండు వైపుల వాళ్లకూ కనిపిస్తుంది.

బాల్కనీని దగ్గర్నుంచి చూడండి

మామూలు బాల్కనీ అంటే రెండు కుర్చీలు, ఒక చిన్న టేబుల్ పట్టేంత. చాలా ఓడల్లో 40 నుంచి 60 చదరపు అడుగుల మధ్య ఉంటుంది. నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకునే వరండా అనుకుంటే నిరాశే.

అంతకంటే ముఖ్యమైనది ముందున్న అడ్డు. కొన్నిటికి అద్దం ఉంటుంది, కొన్నిటికి ఇనుప రేకు గోడ. నిలబడి చూసేవాళ్లకి రెండూ ఒకటే. కుర్చీలో కూర్చుని చూసే పెద్దావిడకి ఇనుప గోడైతే ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. ఈ సంగతి బ్రోచర్లో రాయరు. ఓడ పేరూ గది నంబరూ కొట్టి యూట్యూబ్‌లో వెతికితే, ఆ గదినో పక్క గదినో ఎవరో ఒకరు వీడియో తీసి పెట్టి ఉంటారు. కుర్చీ ఎత్తు నుంచి ఏం కనిపిస్తోందో అందులో చూడండి. గుమ్మం కూడా గమనించండి. బాల్కనీ తలుపు దగ్గర నీళ్లు లోపలికి రాకుండా ఎత్తు కడతారు, కాలు ఎత్తి దాటాలి. వీల్‌చైర్ వాడేవాళ్లుంటే ర్యాంప్ ఉన్న ప్రత్యేక గదుల కోసం కంపెనీతో ముందే మాట్లాడాలి. అవి కొన్నే ఉంటాయి.

చిన్నపిల్లలుంటే తలుపుకి పైన గొళ్లెం ఉందో లేదో అడగండి. లోపలికి వెళ్లాక కుర్చీల్ని రెయిలింగ్‌కి దూరంగా జరిపేయండి, పిల్లల్ని ఒక్క నిమిషం కూడా అక్కడ ఒంటరిగా వదలొద్దు. గాలి ఉన్నప్పుడు బాల్కనీ తలుపు, గదిలోకి వచ్చే తలుపు రెండూ ఒకేసారి తెరిస్తే ఏదో ఒకటి ధడాలున మూసుకుంటుంది, వేళ్లు నలిగిపోతాయి.

ఎంతమందికి ఎన్ని గదులు

ధర మామూలుగా ఇద్దరు ఉంటారని లెక్కేసి తలకింతని చెబుతారు. పోర్టు చార్జీలు, టిప్పులు అందులో ఉన్నాయో లేదో విడిగా అడగండి. నలుగురిని ఒకే బాల్కనీ గదిలో పడుకోబెడితే గోడ మంచాలు దించాక నడవడానికి చోటుండదు. అమ్మానాన్నలకి బాల్కనీ గది, సరిగ్గా ఎదురుగా మీకు కిటికీ లేని లోపలి గది తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది, అందరూ బాల్కనీ వాడుకోవచ్చు. రెండు కుటుంబాలైతే పక్కపక్క బాల్కనీలు తీసుకుని, మధ్య అడ్డుతెర తీయమని అడగండి. చాలా ఓడల్లో సిబ్బంది తీసిపెడతారు. తెలియనివాళ్లతో కలిసే మధ్య తలుపున్న గది మాత్రం వద్దు, వాళ్ల టీవీ మీ గదిలో వినిపిస్తుంది.

డబ్బు కట్టే ముందు

‘గ్యారంటీ’ ధర అని చవగ్గా చూపిస్తారు. అంటే బాల్కనీ తరగతి ఖాయం, గది నంబర్ కంపెనీ ఇష్టం. ఇంతసేపూ చూసిందంతా అక్కడితో వృథా. కొత్తగా పెళ్లైన జంట ఎక్కడైనా సర్దుకుంటామంటే తీసుకోవచ్చు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నేను వద్దనే చెబుతాను.

ఏజెంటుతో మాట ఇలా నడవాలి:

"అన్నా, గది నంబర్ చెప్పు."

"ఏదైనా బాల్కనీ బాల్కనీనే సార్."

"అట్ల కాదన్నా. నంబర్ ఇస్తే డెక్ ప్లాన్‌లో చూసుకుని పది నిమిషాల్లో చెప్తా. ఆ నంబర్ రసీదులో రాయాల."

మంచి ఏజెంటు దీనికి నొచ్చుకోడు. నంబర్‌లో మొదటి అంకె, లేదా మొదటి రెండు అంకెలు, డెక్‌ని చెబుతాయి. సరిసంఖ్యలు ఒకవైపు, బేసిసంఖ్యలు ఇంకోవైపు ఉండటం మామూలు, ఏది ఎటో ప్లాన్ చూసి నిర్ధారించుకోండి. బుక్ చేశాక ‘ఉచిత అప్‌గ్రేడ్’ అని ఫోనొస్తే వెంటనే ఊ అనొద్దు. పై తరగతి గదే అయినా పూల్ కింద పడేశారేమో చూసుకున్నాకే ఒప్పుకోండి.

ఓడెక్కిన రోజు

చెన్నై పోర్టు తిరుపతికి దగ్గరే అయినా, ఆ ఊరి ట్రాఫిక్‌ని నమ్మి చివరి గంటలో చేరొద్దు. ఇస్త్రీపెట్టె, కెటిల్ గదిలోకి తీసుకెళ్లనివ్వరు. దీపం, అగరబత్తి వెలిగించకూడదు. ఓడ మీద నిప్పంటే అందరికీ ప్రాణభయం, దేవుడి పటానికి దండం పెట్టుకుంటే చాలు. బాల్కనీలో చీరలు, తువ్వాళ్లు ఆరేయడమూ కుదరదు, గాలికి పక్కవాళ్ల బాల్కనీల్లోకి పోతాయి. సిగరెట్లు చాలా ఓడల్లో బాల్కనీల్లో నిషేధం.

గదిలోకి వెళ్లగానే బాల్కనీ తలుపు తీసి, వేసి చూడండి. గొళ్లెం పడుతుందా, కుర్చీలు గట్టిగా ఉన్నాయా, పైనుంచి ఏసీ నీళ్లేమైనా కారుతున్నాయా, ఫ్యాన్ల హోరు వినిపిస్తుందా అని గమనించండి. తేడా ఉంటే సామాను విప్పకుండానే గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కి వెళ్లి చెప్పండి. చివరి నిమిషంలో రానివాళ్ల గదులేమైనా ఖాళీ పడితే మొదట అడిగినవాళ్లకి దొరికే అవకాశం ఉంటుంది.