కరెంటు లెక్కలు నేర్చుకుందాం – పాఠం 3: గిగావాట్ వార్తను చదవడం

కిందటి పాఠంలో కిలోవాట్‌కీ యూనిట్‌కీ తేడా చూశాం. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె గంటసేపు ఆగకుండా కాలితే ఒక యూనిట్. ఈసారి అదే లెక్కను పేపర్లో వచ్చే పెద్ద అంకెల మీద పెడదాం.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ (ఇంటర్నెట్ పనులు నడిపే సర్వర్లు, అంటే పెద్ద కంప్యూటర్లు ఉండే చోటు) ప్రకటించింది. గిగావాట్ అంటే 1000 మెగావాట్లు, అంటే 10,00,000 కిలోవాట్లు. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 2000 మెగావాట్లు, అంటే మన గిగావాట్ అందులో సగం. అయితే ఇది సామర్థ్యం మాత్రమే. వాడకం ఎంతో మనమే లెక్క కట్టుకోవాలి.

ముందు ఒక ప్రశ్న: ఆ గిగావాట్ సర్వర్లకా, మొత్తం క్యాంపస్‌కా? సర్వర్లు వేడెక్కుతాయి, చల్లబరచడానికి మళ్ళీ కరెంటు కావాలి. మొత్తం కరెంటును సర్వర్ల కరెంటుతో భాగిస్తే వచ్చేది పీయూఈ. అది 1.4 అయితే, సర్వర్లు 100 యూనిట్లు తింటే బిల్లు 140కి వస్తుంది. విశాఖ ఉక్కలో ఈ అంకెను దించడం ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ చలిలో దించినంత తేలిక కాదు.

మొత్తం క్యాంపస్‌కే అనుకుందాం. ఏడాదికి 8,760 గంటలు. సగటు లోడ్, అంటే సామర్థ్యంలో నిజంగా వాడేది, 70 శాతం (ఇది నేను పెట్టుకున్న అంకె, మీరు మార్చి చూడండి).

10,00,000 కిలోవాట్లు × 8,760 × 0.7 = సుమారు 613 కోట్ల యూనిట్లు.

నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్ళు పాతిక లక్షలకు ఇది సరిపోతుంది.

ఇక కార్బన్. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. గుణిస్తే 43 లక్షల టన్నులు. సోలార్ కొంటాం కదా అంటాయి కంపెనీలు. కొంటాయి, నిజమే. కానీ సర్వర్లు అర్ధరాత్రి కూడా నడుస్తాయి. వాళ్ళు లెక్క సరిపెట్టింది ఏడాది మొత్తం మీదా, గంటగంటకా? నేనైతే గంటల లెక్కనే నమ్ముతాను.

ఇదంతా కాగితం మీది భయం అనుకునేవాళ్ళు ఐర్లాండ్‌ను చూడాలి. అక్కడి కరెంటు వాడకంలో డేటా సెంటర్ల వాటా 2015లో 5 శాతం, 2023కల్లా 21 శాతం. అదే ఏడాది ఆ దేశపు పట్టణ ఇళ్ళన్నీ కలిపి వాడింది 18 శాతమే! డబ్లిన్ చుట్టుపక్కల కొత్త డేటా సెంటర్లకు గ్రిడ్ కనెక్షన్లు దాదాపు ఆపేయాల్సి వచ్చింది.

మరి ఫోన్లో పని అయిపోవడం వల్ల తగ్గే పెట్రోలు సంగతి? అది పాఠం 4లో.

అభ్యాసం: సర్వర్లకు 60 మెగావాట్లు, పీయూఈ 1.5, లోడ్ 60 శాతం. ఏడాదికి ఎన్ని యూనిట్లు, ఎన్ని టన్నులు? యూనిట్లు 47 కోట్ల దగ్గర రావాలి. 31 కోట్లు వచ్చిందంటే పీయూఈతో గుణించడం మరిచిపోయారన్నమాట.