కొత్త మోటారుతో వేటకు వెళ్లే ముందు: జూన్ 15 లోపు చూసుకోవలసినవి

జూన్ 14తో సముద్రంలో చేపల వేట నిషేధం ముగుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు ఒడ్డున ఉన్న బోట్లన్నీ ఒకే తెల్లవారుజామున నీళ్లలోకి దిగుతాయి. ఈ విరామంలోనే మన తూపిలిపాళెం, దుగరాజపట్నం వైపు చాలామంది పాత మోటారు తీసేసి కొత్త ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయటివైపు తగిలించే మోటారు) బిగించుకుంటారు. బిగించాక ఒడ్డు దగ్గర రెండు చుట్లు తిప్పి, "బాగానే ఉందిలే" అనుకుని, 15న వల వేసుకుని వెళ్లిపోతారు. నా భయమంతా అక్కడే. జూన్‌లో మన తీరంలో పడమటి గాలి జోరుగా వీస్తుంది. మోటారు ఆగిపోతే ఆ గాలి బోటును ఒడ్డుకు తేదు, లోపలికి తోసుకుపోతుంది.

పోయిన ఏడాది మా బావకు ఇదే జరిగింది. కొత్త మోటారు, కొత్త ట్యాంకు. స్టార్ట్ చేస్తే మొదటి లాగుడికే అందుకునేది. పది నిమిషాలు నడిచాక గొంతు పట్టేసినట్టు అయ్యేది, తర్వాత ఆగిపోయేది. కాసేపు ఆగి లాగితే మళ్లీ స్టార్ట్ అయ్యేది, మళ్లీ పది నిమిషాలే. "కొత్త ఇంజనే దెబ్బతిన్నట్టుంది, మార్చమని అడుగుదాం" అని బావ ఒకటే టెన్షన్. నేను పెట్రోల్ పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు చూశాను. పిండేసిన నిమ్మచెక్కలా రెండు వైపులా నొక్కుకుపోయి ఉంది. ట్యాంకు మూత మీద గాలి స్క్రూ మూసే ఉంది. పెట్రోల్ బయటికి పోతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి కదా. రాకపోతే ట్యాంకు పెట్రోల్‌ను పట్టేసుకుంటుంది. స్క్రూ రెండు చుట్లు వదలగానే బల్బు మళ్లీ ఉబ్బింది. ఒడ్డుకు మూడు వందల అడుగుల లోపలే ఉన్నాం కాబట్టి సరిపోయింది.

అందుకే మోటారు బలం తగ్గిందనిపిస్తే ముందు మోటారును అనుమానించకండి. పెట్రోల్ నుంచి మొదలుపెట్టండి. బల్బు మీద ఉండే బాణం గుర్తు మోటారు వైపు చూపించాలి. స్టార్ట్ చేసే ముందు నొక్కితే బల్బు గట్టిపడాలి. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి లాగుతోందని అర్థం. పైపు రెండు చివర్లలో కనెక్టర్లు పూర్తిగా దిగాయా, క్లిప్పులు బిగుతుగా ఉన్నాయా చూడండి. నాకు బాగా పనికొచ్చిన పరీక్ష ఒకటి ఉంది. స్పీడు తగ్గుతున్నప్పుడే ఒకరు స్టీరింగ్ పట్టుకుని, ఇంకొకరు బల్బు నొక్కుతూ ఉండాలి. అలా నొక్కితే ఇంజన్ మళ్లీ అందుకుంటే తప్పు పెట్రోల్ దారిలోనే ఉంది. నొక్కినా తేడా రాకపోతే వేరే చోట వెతకాలి.

పెట్రోల్ మాట కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. సముద్రపు గాలికి ఇంకా త్వరగా. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగున చేరి, మోటారు సరిగ్గా అదే తాగుతుంది. రెండు నెలలు ట్యాంకులో మిగిలిపోయిన పెట్రోల్ కొత్త మోటారులో పోయకండి. ట్యాంకు అడుగు నుంచి కాస్త గాజు సీసాలో తీసి, నీడలో అరగంట ఉంచి చూడండి. అడుగున వేరే పొర కనిపిస్తే అదంతా పారబోయక తప్పదు. చాలా ఔట్‌బోర్డ్‌లను 10 శాతం ఇథనాల్ వరకే తయారు చేస్తారు. మీ మోటారు పుస్తకంలో ఎంత రాశారో చదివి, అమ్మిన వాళ్లను అడగండి. వాళ్ల జవాబు బిల్లు మీద రాయించుకుంటే ఇంకా మంచిది. టూ స్ట్రోక్ మోటారైతే పెట్రోల్‌లో ఆయిల్‌ను పుస్తకంలోని కొలత ప్రకారమే కలపండి. కొత్తలో మామూలుకన్నా ఎక్కువ ఆయిల్ కలపమని చాలా కంపెనీలు చెబుతాయి.

పెట్రోల్ బాగుంటే చూపు మోటారు బిగించే వెనక పలక మీదికి తిప్పండి. షాఫ్ట్, అంటే మోటారు నుంచి కిందికి దిగే కాలు, దాని పొడవు బోటు పలక ఎత్తుకు సరిపోవాలి. షార్ట్ షాఫ్ట్ 15 అంగుళాల పలకకు, లాంగ్ 20 అంగుళాల పలకకు. ప్రొపెల్లర్‌కు పైన అడ్డంగా రెక్కలాంటి పలక ఉంటుంది చూడండి, అది బోటు అడుగుతో సమానంగా గానీ అర అంగుళం, అంగుళం కిందికి గానీ ఉండాలి. పైకి ఉంటే ప్రొపెల్లర్ గాలి మింగుతుంది. ఇంజన్ గోల చేస్తుంది, బోటు మాత్రం కదలదు. మరీ కిందికి ఉంటే నీళ్లను ఈడ్చుకుంటూ పోతుంది, పెట్రోల్ వృథా. మోటారు వంపు కూడా చూసుకోండి. బోటు ముక్కు నీళ్లలోకి గుచ్చుకుంటుంటే వంపు పిన్ను ఒక రంధ్రం బయటికి మార్చండి, ముక్కు ఆకాశం చూస్తుంటే ఒకటి లోపలికి.

కొత్త మోటారు "లాగడం లేదు" అనడానికి ఎక్కువసార్లు అసలు కారణం ప్రొపెల్లరే అవుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో, అంటే హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు, ఎంత ఆర్‌పిఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) రావాలో పుస్తకంలో ఉంటుంది. చాలావాటికి 5,000, 6,000 మధ్య. మెకానిక్ దగ్గర ప్లగ్గు తీగకు తగిలించే చిన్న ఆర్‌పిఎం మీటరు ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. వలలు, ఐసు డబ్బా, మనుషులు, పూర్తి ట్యాంకు, అంతా వేసుకునే కొలవండి. ఖాళీ బోటుతో కొలిస్తే ఆ లెక్క వేట రోజుకు పనికిరాదు. ఉండాల్సినదానికన్నా తక్కువ వస్తుంటే ప్రొపెల్లర్ బరువైపోయింది, అంటే పిచ్ (ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు తోసే దూరం) ఎక్కువ. ఒక్క అంగుళం పిచ్ తగ్గిస్తే దాదాపు 150 నుంచి 200 ఆర్‌పిఎం పెరుగుతుంది. తక్కువ ఆర్‌పిఎంలో రోజూ ఈడ్పించుకుంటూ పోతే కొత్త ఇంజన్ లోపలే అరిగిపోతుంది. ఏది మార్చినా ఒకసారికి ఒకటే మార్చండి. ఒకేరోజు నాలుగు మారిస్తే ఏది నయం చేసిందో, ఏది చెడగొట్టిందో ఎవరికీ తెలియదు.

థ్రాటిల్ కేబుల్ మర్చిపోవద్దు. మోటారు ఆపి, మూత తీసి, హ్యాండిల్ పూర్తిగా తిప్పితే లోపలి లివరు చివరిదాకా వెళ్తోందా చూడాలి. సగంలోనే ఆగితే కేబుల్ సర్దాలి. బోటు అడుగున నాచు, గవ్వలు అతుక్కుని ఉంటే ఎంత మంచి మోటారైనా బరువుగానే నడుస్తుంది. ఈ రెండు నెలల్లో గీకి రంగు వేయకపోతే ఇప్పుడైనా వేయండి.

ఇక నీటి ధార. మోటారు పక్కన చిన్న రంధ్రం నుంచి సన్నటి ధార ఎప్పుడూ పడుతూ ఉండాలి. అది సన్నబడినా, ఆగినా వెంటనే ఆపేయండి. చాలా కొత్త మోటార్లు వేడెక్కితే వాటంతట అవే స్పీడు తగ్గించేస్తాయి, అప్పుడు మనం "బలం లేదు" అనుకుంటాం. నీళ్లు లాగే జల్లెడలో పాలిథిన్, బురద, నాచు ఇరుక్కుని ఉంటాయి. తడ వైపు, భీములవారిపాళెం నుంచి పులికాట్‌లోకి ట్రయల్‌కు వెళ్లేవాళ్లు ఇది ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. అక్కడ లోతు చాలా తక్కువ, ప్రొపెల్లర్ బురద తిరగేస్తుంది. ఇసుక దిబ్బను తగిలిన తర్వాత ఇంజన్ గట్టిగా అరుస్తూ బోటు కదలకపోతే ప్రొపెల్లర్ మధ్యలోని రబ్బరు బుష్ జారిపోయి ఉండొచ్చు. ఉప్పునీళ్ల నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో లోపల కడగండి.

కొత్త మోటారుకు మొదటి 10 గంటలు రన్నింగ్-ఇన్, అంటే లోపలి భాగాలు ఒకదానికొకటి సర్దుకునే సమయం. ఎక్కువసేపు ఫుల్ థ్రాటిల్ వద్దు, ఒకే స్పీడులో గంటలు గంటలు కూడా వద్దు, స్పీడు మారుస్తూ ఉండాలి. జూన్ 15నే మొదటిసారి నీళ్లలో దింపితే ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి? కనీసం వారం ముందే అనుమతి తెలుసుకుని, ఒడ్డు కనిపించేంత దూరంలో, ఇంకో బోటు పక్కన ఉండగా ఈ గంటలు గడపండి.

వేటకు వెళ్లే రోజు లైఫ్ జాకెట్లు వేసుకునే వెళ్లండి. తెడ్లు, లంగరు, స్పేర్ ప్లగ్గు, స్పేర్ ప్రొపెల్లర్, స్పానర్లు బోటులో ఉండాలి. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, తీర రక్షక పోలీసులది 1093. ఫోన్‌లో దాచుకుంటే చాలదు, తడిస్తే ఫోనే ఉండదు, బోటు లోపలి పలక మీద పెయింట్‌తో రాసుకోండి.

మా బావ అలాగే రాసుకున్నాడు. ట్యాంకు మూత మీద, గాలి స్క్రూ పక్కన, అది ఎటు తిప్పితే తెరుచుకుంటుందో ఒక ఎర్ర బాణం కూడా వేసుకున్నాడు.